అతుకుల బండి ఎవరిది?

మా తండా బడిలో ఐదో తరగతి చదివే ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం. ఏడు నెలలపాటు విప్పి, అతికి, రంగు వేసిన పాత టాటా 207 బండిని మేము మొదటిసారి తండాలోకి తెచ్చిన రోజు అది. పిల్లలందరూ డాలా ఎక్కి దూకుతున్నారు. వాడు మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఇట్లా అడిగాడు: "అన్నా, గేర్‌బాక్స్ జగిత్యాలది అంటిరి. డాలా సిరిసిల్లది అంటిరి. డోర్లు కోరుట్లల కొన్నమంటిరి. మరి ఇది ఏ బండి? పాతదా, కొత్తదా? అసలు మనదేనా?"

ఆ పూట నవ్వి ఊరుకున్నాం. రాత్రి మంచాల మీద కూర్చుని మాట్లాడుకుంటే అర్థమైంది, వాడు అడిగింది ఒక ప్రశ్న కాదు, మూడు. అన్నీ మారిపోయిన వస్తువు పాత వస్తువేనా? ఎవరివో భాగాలు వేసుకుంటే అది మనదవుతుందా? మనది అని చెప్పుకోవాలంటే మనం ఏం చేసి ఉండాలి? ఇవి బండి గురించిన ప్రశ్నలే. కానీ లంబాడీలు, నాయకపోడులు, గోండులు, ఎరుకలలు, మనందరి గురించిన ప్రశ్నలు కూడా. అందుకే ఈ పుస్తకంలో రాస్తున్నాం.

ముందు బండి సంగతి. మాది రుద్రంగి గుట్టల దిక్కు తండా. ఒక పక్క కోరుట్ల, జగిత్యాల. ఇంకో పక్క వేములవాడ దాటితే సిరిసిల్ల. మూడు పట్నాలతోనూ మాకు పని ఉంటుంది. మక్కలు, కూరగాయలు కోరుట్లకు, మామిడికాయ జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్‌కు పోవాలి. ప్రతిసారీ కిరాయి బండే. పంట అమ్మిన పైసల్లో కిరాయికి ఎంత పోతున్నదో లెక్క చూసుకుని నాలుగు కుటుంబాల వాళ్లం ఒక మాట మీదికి వచ్చాం. కొత్త బండి కొంటే నెలనెలా కిస్తీ కట్టాలి. వాన పడని ఏడు కిస్తీ ఆగదు. కిస్తీ ఆగితే బండి ఆగదు, వచ్చి గుంజుకుపోతారు. చుట్టుపక్కల అట్లా పోయిన బండ్లు మేము చూశాం.

మాలో ఒకరు దుబాయిలో ఆరేళ్లు గ్యారేజీ పని చేసి వచ్చినవాడు. కోరుట్ల దగ్గర ఒక ఇంటి వెనుక వేపచెట్టు కింద రెండేళ్లుగా నిలబడి ఉన్న 207ను అతనే చూసి వచ్చాడు. దాని నంబరు ప్లేటు మీద ఏపీ 15 అని ఉంది. అది ఉమ్మడి కరీంనగర్ జిల్లా నంబరు. 2014లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న జిల్లా కూడా మారింది. జగిత్యాల ఒక జిల్లా, రాజన్న సిరిసిల్ల ఒక జిల్లా అయ్యాయి. కొత్త బండ్లకు జగిత్యాలలో 21, సిరిసిల్లలో 23 నంబర్లు వచ్చాయి. ఈ బండి మాత్రం తను ఏమీ చేయకుండానే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వచ్చింది. పాత నంబరు అట్లాగే ఉంది.

ఇంజన్ ఆయిల్ తీస్తే పాల చాయ రంగులో వచ్చింది. హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు కలిశాయన్నమాట. సిలిండర్లు అరిగాయి. గేర్‌బాక్స్ పళ్లు విరిగాయి. డోర్ల కింది భాగం చేత్తో ఒత్తితే రాలిపోయేట్టు తుప్పు పట్టింది. డాలా లేనే లేదు, ఎవరో విప్పి అమ్ముకున్నారు. మిగిలినవి రెండే: గట్టిగా ఉన్న ఛాసీ, పగుళ్లు లేని ఇంజన్ బ్లాకు. బ్లాకును లేత్ దగ్గర రీబోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. గేర్‌బాక్స్ జగిత్యాల దగ్గర యాక్సిడెంటైన ఇంకో 207ది. డాలా సిరిసిల్లలో నూలు మోసి మోసి మూలకు పడిన బండిది. డోర్లు, రేడియేటర్ కోరుట్ల తుక్కు దుకాణంలో దొరికాయి. కమాన్ పట్టీల్లో విరిగినవి తీసి వేరే కట్టలోవి పెట్టించాం. సీటు రెగ్జిన్ చిరిగిపోతే మా యాడీలు పాత చీరలు మడతలు పెట్టి బొంత కుట్టి పరిచారు.

ఈ పని మొదలుపెట్టిన వారంలోనే తండా బడి సారు ఒక నోటుబుక్కు ఇచ్చాడు. "ఏ సామాను ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు తెచ్చారో రాసి పెట్టుకోండి. నలుగురి పైసలు కదా, రేపు పంచాయితీ వద్దు" అన్నాడు. పైసల పంచాయితీ రాకుండా మొదలుపెట్టిన ఆ పుస్తకమే తర్వాత మాకు పెద్ద దిక్కయింది. అది ఎట్లానో చెప్తాం.

మొదటి ప్రశ్న: ఇది ఆ బండేనా?

ఈ ప్రశ్న మా పిల్లవాడే మొదట అడగలేదు. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దంలో మన దేశానికి వాయవ్యంగా ఉన్న రాజ్యాన్ని మిలిందుడనే గ్రీకు రాజు ఏలాడు. నాగసేనుడనే బౌద్ధ భిక్షువుతో అతని సంభాషణ 'మిలింద పన్హ' అనే పాళీ గ్రంథంలో ఉంది. నీవు నడిచి వచ్చావా, రథం మీద వచ్చావా అని భిక్షువు అడుగుతాడు. రథం మీద వచ్చానంటాడు రాజు. అయితే నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఒక్కొక్కటే అడిగితే, రాజు కాదు, కాదు అంటూ పోతాడు. చివరకు తేలేదేమంటే, ఇవన్నీ కూడి పనిచేస్తున్నప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. ఇలాంటి ఆలోచన మన నేలకు పరాయిది కాదు. మన పక్క పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఇప్పటికీ ఉంది.

గ్రీకు దేశంలోనూ ఇదే చర్చ జరిగింది. థీసియస్ అనే వీరుడి ముప్పై తెడ్ల ఓడను ఏథెన్స్ ప్రజలు ఎన్నో తరాలు దాచుకున్నారని ప్లూటార్క్ రాశాడు. పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేస్తూ పోయారట. ఇది అదే ఓడ అని కొందరు, కాదని కొందరు వాదించుకునేవారట. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో హాబ్స్ అనే ఆలోచనాపరుడు దీనికి ఇంకో ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఒకడు ఏరుకుని వాటితో ఇంకో ఓడ కడితే, ఏది అసలు ఓడ? ఈ ముడిని గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

రవాణా ఆఫీసుకు ఈ బాధ లేదు. అక్కడ జవాబు ఛాసీ నంబరు. డోర్లు మారినా, సీట్లు మారినా ఛాసీ నంబరు ఆర్సీలో ఉన్నదే అయితే అదే బండి. ఇంజన్ మారిస్తే ఆఫీసుకు చెప్పి రాయించుకోవాలి. మేము బ్లాకు మార్చలేదు కాబట్టి ఆ నంబరూ పాతదే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వంగి ఛాసీ మీద కొట్టిన అంకెలు చూసి, కాగితం చూసి, అదే అన్నాడు. చట్టానికి అది చాలు. మాకు చాలలేదు. ఎందుకంటే ఛాసీ నంబరు బండి ఏదో చెప్తుంది కానీ, ఎట్లా బతికిందో చెప్పదు.

మన ఇళ్లలో దీనికి జవాబు ముందే ఉంది. ముసలమ్మ కుట్టిన బొంతను చూడండి. ప్రతి గుడ్డా ఎవరి చీరో, ఎవరి అంగో. చినిగిన చోట ఇంకో గుడ్డ పడుతుంది. ఇరవై ఏళ్లకు మొదటి గుడ్డ ఒక్కటీ మిగలకపోవచ్చు. అయినా అది ఆ బొంతే, ఎందుకంటే ఏ గుడ్డ ఎవరిదో ముసలమ్మ చెప్పగలదు. ఆదిలాబాద్ డోక్రా పని చూడండి. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి ఓజ కళాకారులు పాత ఇత్తడిని కరిగించి కొత్త బొమ్మలు, గంటలు పోస్తారు. పాత ఇత్తడి అయినంత మాత్రాన ఆ గంట దొంగ గంట కాదు. సిరిసిల్లకు పోతే మరమగ్గాలను సాంచాలంటారు. ఒక సాంచా మూలకు పడితే దాని సామాను ఇంకో సాంచాను నడిపిస్తుంది. అక్కడి బట్టకు అతుకుల సాంచా బట్ట అని ఎవరూ పేరు పెట్టరు.

కాబట్టి మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది: భాగాలు మారినందుకు వస్తువు అబద్ధం కాదు. అది చేయాల్సిన పని చేస్తూ, ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే మనిషి ఉన్నంతకాలం అది అదే. చెప్పగలిగే మనిషి లేకపోతే, ఛాసీ నంబరు సరిపోయినా అది తుక్కే.

రెండో ప్రశ్న: ఎవరివో భాగాలు వేసుకుంటే అది మనదవుతుందా?

ఇక్కడ మేము తడబడ్డాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాం.

అన్నిటికంటే ఖరీదైనది డీజిల్ పంపు. మా దానిది బాగు చేయించడానికి రానంతగా పోయింది. పైసలన్నీ అప్పటికే అయిపోవచ్చాయి. ఒక రాత్రి ఫోన్ వచ్చింది. పంపు, సెల్ఫ్ మోటార్, డైనమో మూడూ కలిపి బజారు ధరలో సగానికి ఇస్తానన్నాడు ఒకతను. పోయి చూశాం. సామాను మంచిదే. పంపు మీద నంబరు ఉండే చిన్న రేకును మాత్రం గీకేశారు. బిల్లు లేదు. ఏ బండిది అని అడిగితే, "మీకు పంపు కావాలా, దాని కథ కావాలా?" అన్నాడు.

తిరిగి వచ్చి నలుగురం రాత్రంతా వాదించుకున్నాం. "తుక్కుల దేనికి బిల్లుంటది? మనం తెచ్చిన గేర్‌బాక్స్‌కు ఉన్నదా?" అన్నాడు ఒకడు. నిజమే, లేదు. కానీ గేర్‌బాక్స్ ఏ బండిదో మేము చూశాం. బోనెట్ నుజ్జయిన ఆ బండి ముందు నిలబడి, దాని ఆసామితో మాట్లాడి, చాయ తాగి విప్పుకొచ్చాం. బిల్లు వేరు, ఆచూకీ వేరు. పేదవాళ్ల బజారులో బిల్లు లేకపోవడం తప్పు కాదు. ఆచూకీ చెరిపేసి ఉన్నదాన్ని కొనడం తప్పు. చట్టం కూడా ఇదే మాట అంటుంది. దొంగసొత్తని తెలిసి తీసుకోవడమే కాదు, దొంగసొత్తని నమ్మడానికి తగిన కారణం కళ్ల ముందు ఉండి కూడా దురుద్దేశంతో తీసుకోవడం నేరమే. పాత శిక్షాస్మృతిలో అది 411వ సెక్షన్, 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్.

ఇంకొకడి మాట వేరు. "మనం కొన్నా కొనకున్నా మనల్ని అనుమానించుడు ఆగుతదా? చెక్‌పోస్టు కాడ తండా పేరు చెప్తేనే డాలా ఎక్కి వెతుకుతరు. పేరు ఎట్లాగూ పడ్డది, పంపన్నా మిగలనీ." ఈ మాటకు మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ కోపం ఊరికే పుట్టలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి ఎన్నో జాతులను పోలీసు హాజరు కింద పెట్టింది. దేశంలో పలుచోట్ల బంజారాలను, ఎరుకలలను ఆ జాబితాలో చేర్చారు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి ఊళ్లకు, సైన్యాలకు అందించిన మన పెద్దల బతుకును రైలు తీసేసుకుంది. బతుకు పోయినవాళ్లనే చట్టం అనుమానించింది. ఆ చట్టం 1952లో పోయింది. ఆ చూపు మాత్రం ఇంకా కొందరి కళ్లలో ఉంది.

వాదన తేలలేదు. పొద్దున మాలో ఒకరి యాడీ, సీటుకు బొంత కుట్టిన ఆమె, అంతా విని ఒక్క మాట అడిగింది: "ఆ పంపు ఊడదీసిన బండి ఆసామి పొద్దున లేచి బండి స్టార్ట్ చేస్తే ఏమైతది?"

మేము రాత్రంతా మా పరువు గురించి, మా పైసల గురించి, మా మీద పడ్డ నింద గురించి మాట్లాడాం. ఆ మనిషి గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. అతనూ మాలాంటి వాడే కావచ్చు, నాలుగు కుటుంబాల పైసలు పోగేసి కొన్నవాడు కావచ్చు. కూరగాయలు నింపుకుని తెల్లవారుజామున తాళం తిప్పితే బండి పలకని ఆ ఘడియ మాకు కనిపించింది. నీతిగా ఉండాల్సింది ఎవరో మనల్ని మంచివాళ్లు అనడానికి కాదు. ఇతరులు వేసిన నింద అబద్ధమని నిరూపించే బాధ్యత మనది కాదు, అది నింద వేసినవాళ్ల పాపం. మనం పట్టించుకోవాల్సింది, మన చేతిలోకి వచ్చిన వస్తువు ఎవరి చేతిలో నుంచి జారిపోయిందో అన్న సంగతి. పంపు తీసుకోలేదు. ఇంకో రెండు నెలలు కూలికి పోయి పైసలు కూడబెట్టి, పంపు షాపులో బాగు చేసి అమ్మేదాన్ని తెచ్చుకున్నాం.

ఇక్కడితో ఆపితే మేము చాలా మంచివాళ్లమని మీరు అనుకుంటారు. కానీ నోటుబుక్కు ఉంది. అందులో పద్నాలుగో వరుస బ్యాటరీ. పని మొదలైన కొత్తలో అంగడిలో ఒకతని దగ్గర చవకగా వస్తే తెచ్చాం. ఎక్కడిదని అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో అని అడగలేదేమో కూడా. పంపు సంగతి అయ్యాక అతని కోసం మూడు అంగళ్లు వెతికాం, కనబడలేదు. "ఎవరిది" అనే గడిలో మేము ఒకే మాట రాశాం: అడగలేదు. అబద్ధపు పేరు ఒకటి రాస్తే పుస్తకం నిండేది. కానీ ఒక్క వరుసలో అబద్ధం రాస్తే మిగతా వరుసలను ఎవరు నమ్మాలి?

మూడో ప్రశ్న: మనది అనుకోవాలంటే మనం ఏం చేయాలి?

పాతది వాడటం పేదవాడి తెలివి. అయితే పాతది ఎక్కడ వాడకూడదో తెలియడం ఇంకా పెద్ద తెలివి. డోరు పాతదైతే చప్పుడు వస్తుంది, అంతే. బ్రేకు పాతదైతే దాని ధర మనం కట్టం. ఎదురుగా వచ్చేవాడు కడతాడు, వెనుక కూర్చున్నవాడు కడతాడు. 2018 సెప్టెంబర్ 11న మన జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అందులో వంద మందికి పైగా ఎక్కి ఉన్నారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కొడిమ్యాల మండలం ఊళ్ల వాళ్లు. ఆ దారిన పోయినప్పుడల్లా మనం నోరు తెరవకుండా దిగుతాం. ఆ దిగుడులో బ్రేకు అనే మాట ఇనుము కాదు, మనుషులు.

అందుకని నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాం: బ్రేక్ లైనర్లు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, బ్రేక్ పైపులు, స్టీరింగ్ రాడ్ ఎండ్లు, ముందు టైర్లు. ఇవి తుక్కులో కొనవద్దు, ఎంత చవకైనా సరే. పొగ సంగతి కూడా అంతే. 2020 ఏప్రిల్ నుంచి దేశంలో భారత్ స్టేజ్ 6 బండ్లే అమ్ముతున్నారు. మాది వాటి ముందు తరాలది. కొత్త బండి కంటే ఎక్కువ పొగ వదులుతుంది, దాచేదేం లేదు. పంపు, నాజిళ్లు సమయానికి చూపించుకుని, నల్లపొగ రాకుండా చూసుకోవడం మా మీద ఉన్న బాకీ. కోరుట్లలో రోడ్డు పక్క అరుగుల మీద కూర్చుని బీడీలు చేసే అక్కచెల్లెళ్లకు మన బండి పొగ మింగాల్సిన అవసరం ఏముంది?

ఇంకా కష్టమైనది ఒకటుంది. తునికాకు రోజుల్లో తండా ఆడవాళ్లు పొద్దున్నే చెట్టంతా తిరిగి కట్టలు మోసుకు వస్తారు. "బండి మనదేనాయె, డాలాల ఎక్కి పోతే ఏమైతది?" అంటారు. సామాను బండిలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం. అది వాళ్లకూ తెలుసు. బస్సు రాని తండాకు చట్టం చెప్పడం సులువు, నడిచి రమ్మనడం కష్టం. మేము ఇప్పుడు కట్టలు మాత్రమే ఎక్కిస్తున్నాం, మనుషులను ఎక్కించడం లేదు. దీనివల్ల మా మీద అలిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల అలక న్యాయమే. ఆ అలక మా మీద కంటే బస్సు రాని దారి మీద పడాలి. దాని కోసం తండా పంచాయతీలో తీర్మానం రాయించాం. 2018 చట్టంతో తండాలు పంచాయతీలైనది ఇట్లాంటి పనులకే కదా.

ఇప్పుడు మన సంగతి.

మన పిల్లలు పట్నం కాలేజీకి పోతే వినే ప్రశ్న ఒకటి ఉంది: "మీరు ఇంకా లంబాడీలేనా? చూస్తే అట్లా లేరే!" ఇంట్లో పెద్దలూ అదే అంటారు: "మీరు ఇంకేం లంబాడీలురా, గోర్‌బోలి రాదు, ఫేటియా కట్టరు." రెండు దిక్కుల నుంచీ ఒకటే అనుమానం. నాయకపోడు పిల్లలను, గోండు పిల్లలను కూడా ఇట్లాగే అడుగుతారు. గుడిసె పోయి డాబా వచ్చింది. ఎద్దు పోయి బండి వచ్చింది. పేర్లు మారాయి. మన మాటకు సొంత లిపి లేక తెలుగు లిపిలో రాసుకుంటున్నాం. భాగాలన్నీ మారాయి. మరి మనం మనమేనా?

హాబ్స్ వేసిన ముడి ఇక్కడ పనికొస్తుంది. మన అవ్వల అద్దాల రవికెలు, గవ్వల కుట్టుపని ఇప్పుడు పట్నం దుకాణాల్లో గోడలకు వేలాడుతున్నాయి. సభల్లో అతిథులకు ఎదురుగా ఆడే బృందాల ఒంటి మీద ఉన్నాయి. మన పాత పలకలన్నీ ఏరి ఎవరో అక్కడ ఒక ఓడ కట్టారు. ఇక్కడ తండాలో యాడీ నైలాన్ చీర కట్టుకుని మక్క చేను కోస్తున్నది. ఏది అసలు ఓడ? మా మటుకు మాకు అనుమానం లేదు. బతుకు ఎక్కడ నడుస్తున్నదో అక్కడే మనం ఉన్నాం. పాత పలకలు అందమైనవే, దాచుకోవాల్సినవే. కానీ గోడకు వేలాడే ఓడ ఎవరినీ ఏరు దాటించదు.

అయితే ఏది మారినా ఫరవాలేదని కూడా మేము అనడం లేదు. బండికి ఒక నోటుబుక్కు పెట్టుకున్నట్టే మనకూ ఒకటి కావాలి. చేనులో పనికి సులువని ఫేటియా మార్చుకోవడం ఒక సంగతి. బస్సులో నలుగురు నవ్వారని విడిచిపెట్టడం ఇంకో సంగతి. రెండింటికీ బయటికి కనిపించేది ఒకటే చీర. కానీ మొదటిది మనం ఇష్టపడి మార్చుకున్న భాగం, రెండోది మన నుంచి ఊడదీసిన భాగం. బడిలో గోర్‌బోలి మాట్లాడితే కొట్టారని మరిచిపోయినవాళ్లు మనలో ఉన్నారు. అది కూడా ఊడదీసినదే. ఏది మనం మార్చుకున్నాం, ఏది మన దగ్గర నుంచి పోయింది, ఏది ఎవరి నుంచి తెచ్చుకున్నాం అనే లెక్క రాయకపోతే, తర్వాతి తరానికి నంబరు గీకేసిన రేకు మిగులుతుంది. టీచర్లకు మా విన్నపం ఇదే. పిల్లలతో ఇంటింటికీ ఇట్లాంటి ఒక పుస్తకం రాయించండి. తెలియని చోట "అడగలేదు" అని రాయనివ్వండి. అబద్ధపు గొప్పలు మాత్రం రాయించకండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మనుషులు బండ్లు కారు. బండికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, ఫిట్‌నెస్ కాగితం ఇస్తాడు. నువ్వు సరిపోయే ఆదివాసివా, సరిపోయే లంబాడీవా అని మనకు ఫిట్‌నెస్ రాసిచ్చే హక్కు బయటివాళ్లకు లేదు. మనలో మనకు కూడా లేదు.

పోయిన ఎండాకాలం సిరిసిల్ల నుంచి ఒకాయన బండి కొంటానని వచ్చాడు. నడిపి చూసి మెచ్చుకున్నాడు. మేము ఆశపడ్డ ధరకు దగ్గరగానే చెప్పాడు. నోటుబుక్కు చూపించాలా వద్దా అని మాలో మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చూపించాం. ఆయన ఒక్కొక్క పేజీ తిప్పి, పద్నాలుగో వరుస దగ్గర ఆగి, "ఇదేంది, అడగలేదు?" అన్నాడు. చెప్పాం. ఆలోచించుకుని ఫోన్ చేస్తానని పోయాడు. చేయలేదు. ఆ బ్యాటరీ ఒక్కటి తీసేసి కొత్తది పెట్టి, ఆ పేజీ చింపేస్తే సరిపోయేదని మాలో ఒకడు ఇప్పటికీ అంటాడు. బ్యాటరీ మార్చాం. పేజీ చింపలేదు.

బండి తండాలోనే ఉంది. మొదట ప్రశ్న వేసిన పిల్లవాడు ఇప్పుడు ఆరో తరగతి. వాడి అక్షరాలు మాకంటే బాగుంటాయి కాబట్టి పుస్తకం రాసే పని వాడికే ఇచ్చాం. మొన్న క్లచ్ ప్లేటు మార్చి వచ్చి, రాయరా అన్నాం. పెన్ను మూత తీయకుండానే అడిగాడు, "ఎవరి దగ్గర కొన్నరు?"